అక్క గుంటలో నా బండి

మా బండికి సీటు లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకు ఒక గొడవ వదులుతుంది, ఎందుకంటే వరంగల్లో నన్ను చూసిన ప్రతి మనిషీ మొదట అడిగేది అదే. ముందు బకెట్టు, కింద రెండు రబ్బరు చైన్లు, నడుం ఎత్తులో లివర్లు, వెనక నిలబడడానికి ఒక ఇనప పలక. బండి అంటే అంతే. వెడల్పు ఒక తలుపంత. పెద్ద జేసీబీ మూతి కూడా పట్టని సందుల్లోకి ఇది దూరి మట్టి, కంకర, ఇటుక ముక్కలు ఎత్తుకొని బయటికి వస్తుంది. లివర్లు వదిలేస్తే ఉన్నచోటే ఆగిపోతుంది. మరి కూర్చోవడం ఎక్కడ అంటే, ఇంటికి పోయి కూర్చుంటాను. పిల్లలు దీన్ని జేసీబీ పిల్ల అంటారు. పెద్దవాళ్ల నోళ్లు ఇంకా అన్యాయం. ఒకాయన తన గేటు దగ్గర బండిని కిందికీ మీదికీ చూసి, "ఇది జర పెరిగినంక తీస్కరా అమ్మా" అన్నాడు.

దీన్ని కొనాలన్న ఆలోచన మా ఆయనది. ఆయన పదిహేనేళ్లు ఇంకొకరి జేసీబీ నడిపాడు. ఫోనులో ఎక్కడో ఈ బండి వీడియో చూసి, మన పాత సందులకు ఇదే సరైనదని నాలుగు నెలలు నా బుర్ర తిన్నాడు. బండి వచ్చాక మొదటి గంటకే మోకాళ్లు పట్టుకున్నాడు. పదిహేనేళ్లు మెత్తటి సీటులో కూర్చొని పాటలు వింటూ మట్టి తీసిన మనిషి మరి. మూడో రోజు ఆ పలక మీద ప్లాస్టిక్ స్టూలు వేసి చూశాడు. స్టూలు ఒకవైపు పడింది, ఆయన ఒకవైపు పడ్డాడు. నాలుగో రోజు నేను ఎక్కాను. నెత్తి మీద తట్టతో పదకొండేళ్లు నడిచినదాన్ని, ఖాళీ నెత్తితో నిలబడడం నాకు పనిలాగే అనిపించలేదు, సెలవులాగ అనిపించింది. అప్పటినుంచి ఆయన బండిని తెచ్చే ట్రాలీ నడుపుతాడు, ఫోన్లు మాట్లాడతాడు, మిగతా టైములో చాయ్ తాగుతాడు.

మంచిరోజు కుదరక పూజ రెండో వారానికి పడింది. పాలకుర్తిలో గుట్ట మీది గుడికి తీసుకుపోయాం. బండి గుట్ట ఎక్కదు కాబట్టి అయ్యగారే కిందికి దిగి వచ్చారు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇంతకూ దీనికి ముందు ఏది, ఎనక ఏది?" అని అడిగారు. మా ఆయన బకెట్టు చూపించాడు. అయ్యగారికి నమ్మకం కుదరక రెండు వైపులా బొట్లు పెట్టారు. కొబ్బరికాయ కొట్టాక, "డ్రైవర్ను పిలువుండ్రి, కంకణం కడత" అన్నారు. నేను చెయ్యి చాచాను. ఆయన నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని మెడ సాచి చూశారు. ఎవరూ లేరు. ట్రాలీ నీడలో మా ఆయన ఒక్కడే ఉన్నాడు, కొబ్బరి చిప్ప నములుతూ.

ఇక బట్టల సంగతి. చీర మీద మగవాళ్ల పాత చొక్కా వేసుకోవడం కూలి పనికి పోయే ఆడవాళ్లకు మామూలే, దాన్ని ఎవరూ వింతగా చూడరు. కానీ ఈ బండి మీద చీర కుచ్చిళ్లు చైన్లలో పడితే నేను కూడా మట్టితో పాటు పోతాను. అందుకని ప్యాంటు వేశాను. మా గల్లీలో ఒక వారం పాటు సీరియళ్లు చూసేవాళ్లు తగ్గిపోయారు. పొద్దున నేను ట్రాలీ ఎక్కే టైముకు అందరికీ వాకిట్లో ఏదో ఒక పని పడేది. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేవాళ్లు. నేను మాత్రం తక్కువదాన్నా, రెండు ఎక్కువ అడుగులు వేసి చూపించేదాన్ని.

బండి వల్ల నా మెడ నొప్పి పోయింది, నడుం నొప్పి పోయింది, ఇంకొంచెం ఉంటే అక్క కూడా పోయేది. నేను రాయాలనుకున్నది ఆ సంగతే. ఇంతవరకు రాసింది మీకు బండి తెలియాలని.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు. హనుమకొండలో కూలీల అడ్డా మీద నా జోడీ. పొద్దున ఆరున్నరకు చౌరస్తా పక్కన నిలబడితే మేస్త్రీలు వచ్చి మనుషుల్ని ఏరుకొని పోయే చోటును అడ్డా అంటాం. మట్టి పనికి ఆడవాళ్లను జోడీగానే పిలుస్తారు. ఒకరు పారతో తట్ట నింపి ఎత్తాలి, ఇంకొకరు మోయాలి. నిండిన తట్టను ఎవరికివారు నెత్తి మీదికి ఎత్తుకోలేరు. ఎత్తే చెయ్యి మంచిదైతేనే మోసే మెడ బతుకుతుంది. పదకొండేళ్లు నా తట్ట ఎత్తింది అక్క. నాకంటే పదేళ్లు పెద్దది, నాకంటే జానెడు పొట్టిది. ఒక మేస్త్రీ తట్టలు సగమే నిండుతున్నాయని అరిస్తే, "ఏం జూస్తాన్నవ్? రా, నీ నెత్తి మీద నిండుగ పెడత" అని తట్ట పట్టుకొని ఆయన మీదికే పోయింది. ఆయన ఆ సాయంత్రం దాకా మా వైపు రాలేదు. నోరు అలాంటిది. ఆ నోటికి జడిసే నేను ఆమెకు బండి సంగతి చెప్పలేదు.

చెబుదామనే అనుకున్నాను. కానీ ఏమని చెప్పాలి? మనిద్దరం రోజంతా మోసే మట్టిని ఇది చాయ్ టైముకే మోసేస్తుంది, ఇక నీ చెయ్యి నాకు అక్కర లేదు అని ఏ మొహం పెట్టుకొని చెప్పాలి? ఒక సోమవారం అడ్డాకు పోలేదు. మంగళవారం కూడా పోలేదు. అక్క ఫోను చేస్తే జ్వరమన్నాను. ఇంకోసారి చేస్తే చుట్టాలు వచ్చారన్నాను. మూడోసారి ఫోను రాలేదు. ఎందుకు రాలేదంటే, ఆ రోజు మా ఆయన బండికి బంతిపూల దండ వేసి, పక్కన నన్ను నిలబెట్టి ఫోటో తీసి స్టేటస్ పెట్టాడు. ఆయన స్టేటస్ అడ్డాలో అందరూ చూస్తారు. అక్క కూడా చూసింది. చూసినట్టు ఫోనులో కనిపించింది.

నాలుగు నెలలు గడిచాయి. నేను హనుమకొండ పోవాల్సి వస్తే ఆ చౌరస్తా తప్పించి వేరే దారిలో పోయేదాన్ని. మా ఆయన అదేమిటని అడిగితే సిగ్నల్ లేట్ అవుతుందని చెప్పేదాన్ని.

వరంగల్ స్టేషన్ అవతల ఒక పాత సందులో రిటైరైన సార్ ఒకాయన ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకు కట్టుకుంటున్నాడు. మా బండిని పక్క సందులో చూసి ఫోను చేశాడు. మా ఆయన వివరం అడగకుండానే ఒప్పుకున్నాడు. "గుంట ఉన్నదట, మన్ను ఉన్నదట. ఇంకేం గావాలె?" అన్నాడు. ఇంటికీ ప్రహరీకీ మధ్య ఉన్న దారి మా బండికి రెండు వైపులా బెత్తెడు మిగిలేంత ఉంది. గోడకు గీత పడకుండా దాన్ని అందులోంచి తీసుకుపోవడం నాకు పెద్ద గొప్ప. అలా గొప్పగా తల ఎత్తుకొని పెరట్లోకి దూరేసరికి, సగం తవ్విన గుంటలో నడుం లోతున నిలబడి పార పట్టుకొని నా వైపు చూస్తోంది అక్క. గట్టు మీద ఇంకో ఇద్దరు ఆడవాళ్లు తట్టలతో ఉన్నారు.

మా అడ్డాలో ఒక రూలు ఉంది, ఎవరూ కాగితం మీద రాయలేదు కానీ ఎవరూ తప్పరు. ఒకరు పార పెట్టి మొదలుపెట్టిన గుంటలోకి, వాళ్లు రమ్మంటే తప్ప ఇంకొకరు దిగకూడదు. యజమాని పిలిచినా సరే, ముందున్నవాళ్లను అడిగే దిగాలి. నా పదకొండేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆ రూలు తప్పలేదు. ఇంకొకరు తప్పితే పోయి తగువు పెట్టుకున్నాను కూడా.

సార్ కుర్చీలోంచి లేవకుండానే అక్కతో అన్నాడు, "పొద్దటి సంది గింతే తీసిండ్రు. ఎల్లుండి సిమెంట్ రింగులు దింపుతరు నాకు. మిషిన్ వచ్చింది, ఇగ మీరు పోవచ్చు."

అక్క గుంటలోంచి పైకి వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "సరే సార్. మిషిన్ మేడం వచ్చినంక మేమెందుకు? జర మిషిన్ ఎట్ల జేస్తదో చూసి పోతం" అని మట్టి కుప్ప మీద తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. మిగతా ఇద్దరు కూడా కూర్చున్నారు.

అప్పుడు నేను బండి దిగాల్సింది. దిగి, అక్కా అని పిలిచి, నీ గుంట అని నాకు తెల్వదే అని ఒక్క మాట అంటే అయిపోయేది. నేను దిగలేదు. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి. నాకు సిగ్గు ఎక్కువైతే పొగరు వస్తుంది, అది నా చిన్నప్పటి రోగం. ఇంజన్ రేజ్ పెంచాను. అక్క గుంట అయితే ఏంటి, నా బండికి పార లేదు కదా, రూలు పారకే కదా అని మనసులో వకీలులాగ ఒక పాయింటు కూడా లాగాను.

నిజం చెప్పాలంటే మా బండి నిలువు గుంట తవ్వలేదు. అది మోసే బండి. పైపైన చదును చేస్తుంది, కుప్పలు ఎత్తుతుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. కానీ కుప్ప మీద అక్క కూర్చొని ఉంది, ఆమెను లేవమని అడిగే ధైర్యం నాకు లేదు. అందుకని కుప్పను వదిలేసి గుంట అంచును గీకడానికి పోయాను. అంతకు ముందు రోజు వాన పడింది. అంచు కింద మట్టి ఒక్కసారిగా జారింది. బకెట్టు గుంటలోకి పోయింది, దాని వెనకే బండి ముందు భాగం దిగింది, నేను నిలబడ్డ పలక పైకి లేచింది. లివర్లు వదిలేసి వెనక్కి దుమికాను. సీటు లేనందుకు నేను ఈ బండికి దండం పెట్టిన రోజు అదొక్కటే. ఇంజన్ ఆగిపోయింది. బండి నీళ్లు తాగడానికి వంగిన బర్రెలాగ మూతి గుంటలో పెట్టుకొని నిలబడింది.

సార్ కళ్లజోడు సర్దుకొని, "ఇది గూడ మిషిన్ పద్ధతేనా అమ్మా?" అని మర్యాదగా అడిగాడు.

మా ఆయన ప్రహరీ దారిలోంచి పక్కవాటుగా పరుగెత్తుకొచ్చాడు. చూశాడు. "ఏం ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఏమీ చేయలేని పరిస్థితిలో మాత్రమే ఆయన ఆ మాట అంటాడు. క్రేన్ వాళ్లకు ఫోను చేశాడు, క్రేన్ ఈ సందులోకి రాదు. తన పాత జేసీబీ దోస్తులకు చేశాడు, జేసీబీ రాదు. ఏ పెద్ద బండీ రాని చోటికి వచ్చే బండి అని మేము అందరి దగ్గర గొప్పలు చెప్పుకున్నాం. అది ఇరుక్కుంటే తీయడానికి కూడా ఏ బండీ రాదన్నది ఆ రోజు దాకా మా ఇద్దరికీ తట్టలేదు. ఉన్న దారి ఒక్కటే. బకెట్టు కింద మట్టి, ఇటుక ముక్కలు నింపాలి. చైన్ల కింద గుంట అంచును పారలతో ఏటవాలుగా కోయాలి. అప్పుడు బండి తనంతట తను వెనక్కి ఎక్కి వస్తుంది. అంటే కావాల్సింది పారలు, పారలు పట్టే చేతులు.

ఆ ఇద్దరు ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వుతున్నారు. అక్క నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"అక్కా" అన్నాను.

"నీకు జ్వరం తగ్గిందా?" అంది అక్క.

"తగ్గింది."

"సుట్టాలు పోయిండ్రా?"

"పోయిండ్రు."

"మంచిగైంది. మరి నీ బండి నా గుంటల ఎందుకు పడ్డది?"

ఆమె లేచి నా ముందుకు వచ్చింది. "బండి కొనుక్కుంటే నేను ఏడుస్తననుకున్నవా? నీ మెడకు పట్టిన తట్ట పీడ పోయిందని సంబురపడేదాన్ని గద. అడ్డా ఇడిసిపెట్టి పోయేటోళ్లు ఏం జేస్తరే? జోడీతోని ఆఖరుకు ఒక్క దినం పని జేసి, చెప్పి పోతరు. దుబాయి పోయినామె చెప్పి పోయింది. లేచిపోయిన పోరి గూడ చెప్పి పోయింది. నువ్వు నీ మొగని స్టేటస్ల చెప్పినవ్."

నాకు ఏడుపు వచ్చింది. ప్యాంటు వేసుకున్నాక ఏడవడం అదే మొదటిసారి. కొంగు లేకపోయేసరికి దేనితో తుడుచుకోవాలో తెలియక చొక్కా చెయ్యితో తుడుచుకున్నాను. మట్టి కళ్లలో పడి ఇంకా ఎక్కువ ఏడ్చాను. "తప్పయింది అక్కా" అన్నాను. అది మాత్రం నిజంగా అన్నాను. బండి తీయించుకోవడానికి అన్నది కాదు. ఆ మాట ఆమె నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ కింద పడున్న పార ఒకటి తీసి నా వైపు విసిరింది.

మూడు గంటలు తవ్వాం. మా ఆయన ఇటుక ముక్కలు మోశాడు, చాయ్ తాగడం మరిచిపోయాడు. పది పారలు వేసేసరికి నాకు ఊపిరి అందలేదు, ఇరవైకి అరచేతులు బొబ్బలెక్కాయి. "నాలుగు నెలలకే ఆఫీసర్ చేతులైనయ్" అంది అక్క. ఆమె పార ఒకే లెక్కలో పడుతూనే ఉంది. చివరికి నేను నేల మీదే నిలబడి, చేతులు చాచి లివర్లు వెనక్కి లాగితే బండి బుస్సుమంటూ అంచు ఎక్కి బయటికి వచ్చింది. సార్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

"సార్, ఈ మిషిన్ తవ్వది, మోస్తది అంతే. గుంట వాళ్లది. వాళ్లు తవ్వితేనే ఎల్లుండికి మీ రింగులు దిగుతయి" అని నేను ఆయనతో చెప్పాను. కళ్లారా చూశాడు కాబట్టి ఆయన వాదించలేదు. అక్కావాళ్లు తవ్వి పోశారు, నేను ఎత్తి సందు చివరిదాకా మోశాను. మర్నాడు మధ్యాహ్నానికే గుంట లోతు అందింది. పని అంత బాగా సాగడం చూసి నాకు ధైర్యం వచ్చింది. అక్క కాళ్లు కడుక్కుంటుంటే పక్కన నిలబడి అడిగాను.

"రేపటి సంది నాతోని రా అక్కా. తట్ట లేదు, పార లేదు. బండి ముందల నిలబడి నీళ్ల పైపులు, కరెంటు వైర్లు ఉన్నయేమో చూసుడే."

అక్క కాళ్లు కడుక్కోవడం ఆపింది. "అంటే నువ్వు పైన, నేను కింద."

"అట్ల గాదక్కా..."

"ఎట్ల గాదు? పదకొండేండ్లు నీ తట్ట ఎత్తిన. ఇప్పుడు నీ బండికి తొవ్వ సూపాల్నా?" అని చెప్పులు వేసుకొని, వెనక్కి తిరిగి చూడకుండా పోయి ఆటో ఎక్కింది. నేను పెద్ద మేలు చేస్తున్నాననుకొని అడిగాను. ఆటో మలుపు తిరిగాక గానీ నేను అడిగింది ఎంత చెడ్డ మాటో నాకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున మా ఆయన ట్రాలీ తుడుస్తూ, ఎక్కడికో ఏదో పని ఉందని చెప్పాడు. "ఇయ్యాల బండికి జ్వరం" అన్నాను. చీర కట్టాను, పైన ఆయన పాత చొక్కా వేశాను, అటక మీది తట్ట దింపాను. ఆయన తుడిచే గుడ్డ ట్రాలీ మీద పడేసి చాయ్ తాగడానికి పోయాడు. నేను ఆరున్నరకు అడ్డా మీద ఉన్నాను. అక్క నన్ను చూసింది. నిలబడ్డ చోటు నుంచి ఒక అడుగు జరిగింది. ఆ అడుగులో నేను నిలబడ్డాను. అరగంటకు ఒక మేస్త్రీ వచ్చి మా ఇద్దరినీ చూసి, "జోడీయేనా?" అన్నాడు. నేను అక్క వైపు చూశాను. "ఈ ఒక్క దినం" అంది అక్క.

రెండో అంతస్తుకు ఇసుక మోసే పని. అందులోనూ తడి ఇసుక. అక్క ఒక్క తట్ట కూడా తక్కువ నింపలేదు. పైన పారతో చరిచి చరిచి మరీ నింపింది. పది మెట్లకే నా మెడ లోపలికి దిగిపోయినట్టయింది. అన్నాల టైముకు నా టిఫిన్ డబ్బా మూత నన్ను అడగకుండానే తీసి సగం కూర వేసుకుంది. కోపం తగ్గింది, మధ్యాహ్నం నుంచి తట్ట కూడా తేలికవుతుందని ఆశపడ్డాను. తట్ట ఏమీ తేలిక కాలేదు. మెట్ల మీద ఒకసారి నాకు కళ్లు తిరిగితే గోడకు ఆనుకొని నిలబడ్డాను. "ఏమైంది మేడం? సీటు గావాల్నా?" అని కింద నుంచి అరిచింది. మేస్త్రీతో సహా అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, నవ్వితే మెడ ఇంకా నొచ్చింది.

ఐదు గంటలకు కుప్ప అడుగంటింది. చివరి తట్ట నింపి ఎత్తింది అక్క. నా నెత్తి మీద పెట్టింది కానీ చేతులు తీయలేదు. సగం బరువు ఆమె చేతుల మీద, సగం నా మెడ మీద. మా మొహాలు జానెడు దూరంలో ఉన్నాయి.

"ఆ బండి నేర్వాల్నంటే ఎన్ని దినాలు పడ్తది?" అని అడిగింది.

"పది రోజులు" అన్నాను.

నాకు నెల పట్టింది. ఆమెకు నాలుగు రోజులు పట్టింది, అందుకు నాకు ఇప్పటికీ మంటగానే ఉంది. ఒకరోజు ఆమె, ఒకరోజు నేను అనుకున్నాం. కానీ ఇరుకు సందుల వాళ్లు ఈమధ్య ఫోను చేసి, "ఆ పెద్దక్కనే పంపుండ్రి" అంటున్నారు. అలాంటి రోజు నేను ముందు నడిచి పైపులు, వైర్లు చూస్తాను. వెనక పలక మీది నుంచి అక్క నిమిషానికోసారి అరుస్తుంది, "జర పక్కకు జరుగవే, ఏం కనవడుతలేదు!"